ఫెదర్ పన్నెండు

పోర్టులో బి షిఫ్టు దిగి
ముక్కులోని బొగ్గు ధూళి కడుక్కుని
రాత్రి పదకొండున్నరకి
చెల్లి మధుపర్కం అంచు వెంట
చుక్కలు పెట్టుకుంటూ కూర్చుంటాను.

మౌస్ నొక్కితే చుక్క.
చుక్కకీ చుక్కకీ మధ్య వంగే గీత.
ముగ్గు చూసి పెరిగినవాడికి మాస్కింగ్ కొత్తేం కాదు,
కాకపోతే ఈ ముగ్గు సెకనుకి ఇరవై ఐదుసార్లు కదులుతుంది,
కదిలినప్పుడల్లా మళ్ళీ వెయ్యాలి.

మొదట నీళ్ళ క్యాన్ తీసేశాను.
తర్వాత స్తంభం మీది టెంట్ హౌస్ నంబరు.
జీలకర్ర బెల్లం వేళ పంతులుగారి వెనక
ఆవులిస్తున్న కుర్రాణ్ణి మాత్రం ఉంచేశాను,
కెమెరా ఉందని తెలియనివాడు వాడొక్కడే.

అప్పుడు పిన్ని కుర్చీ లాక్కుని
తెర మీద వేలు పెట్టింది.
"ఈడు కనబడకూడదు."

ఈడంటే గౌరునాయుడు మావయ్య.
పెళ్ళయిన పదహారో నాడు
చేపల పులుసు దగ్గర మొదలైన మాట
అనకాపల్లిలో ఆరు సెంట్ల దాకా పోయింది.

బుట్టలో పెళ్ళికూతుర్ని మోసుకొచ్చింది ఆయనే.
ఆయన్ని తీసేస్తే బుట్ట గాల్లో తేలుతోంది.
ఆ ముక్క మొత్తం కోసేశాను.
సూత్రం కట్టే వేళకి కరెంటు పోయింది,
జనరేటర్ కుర్రాడు భోజనాల పంక్తిలో ఉన్నాడు,
ఆ రెండు నిమిషాలూ చెయ్యెత్తి
సెల్లు లైటు పట్టుకున్నదీ ఆయనే.

మనిషి చుట్టూ డెబ్బై రెండు చుక్కలు.
అంచు కరిగేలా ఫెదర్ పన్నెండు.
వెనకాల బంతిపూల గోడ అతికించాను.
పోయాడు.
చెల్లి చెంప మీద వెలుగు పోలేదు.
ఎవరు పట్టారో తెలియని వెలుగు.
దాన్నీ తీద్దామని చూశాను,
చెల్లి కూడా పోతోంది.

పాట గొడవ వేరే.
అందరూ పెట్టే సినిమా పాటే పెట్టి ఎక్కించాను.
నాలుగు నిమిషాల్లో కబురు:
ఈ ధ్వని మీది కాదు.
తెల్లారేసరికి పెళ్ళంతా మూగది.
శ్రీకాకుళం నుంచి వియ్యపురాలి ఫోను,
"మంత్రాలేవి నాయనా?"

ఉచితంగా దొరికేది వెతికాను.
ఎక్కడో మంచు కొండల్లో ఒంటరి పియానో,
దాని కింద గారెలు వడ్డిస్తుంటే
ఎవరో పోయినట్టుంది.
కొనుక్కునేదానికి పదకొండు పేజీల షరతులు.
ఒక వినియోగదారు, ఒక ప్రాజెక్టు అన్నారు.
పెళ్ళికి ఇద్దరు కదా అని
అడగడానికి అక్కడ మనిషి లేడు.

ఆదివారం కంచరపాలెం వెళ్ళాను.
సన్నాయి పైడిరాజు, మెట్ల మీద కూర్చుని
పాత పంచె ముక్కతో వాయిద్యం తుడుస్తూ విన్నాడు.
ఆ రోజు మీరు వాయించింది వాడుకోవచ్చా,
కాగితం తెచ్చాను, ఇంత ఇస్తాను, సంతకం కావాలి.

"ముప్పయ్యెనిమిదేళ్ళు పట్టి ఊదుతున్నాను.
డబ్బులిచ్చినారు, బువ్వెట్టినారు,
గట్టిగా అన్నారు, ఆపీమన్నారు.
వాడుకోనా అని ఒక్కుడూ అడగనేదు బావూ."

ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు.
డోలు కొట్టిన అల్లుడి పేరూ ఎయ్యమన్నాడు.
ఒక్కటే షరతు:
"మూడో ముడికాడ నాకు ఊపిరి తప్పింది.
అది తీసీ."

మాటంటే మాటే. తీశాను.
నాలుగు సెకన్ల గొయ్యి మిగిలింది.
జోడుగుళ్ళపాలెం ఒడ్డున ఫోనులో పట్టిన సముద్రం
తెచ్చి అందులో పోశాను.
దూరపు ఓడ కూత ఒకటి కలిసొచ్చింది.
ఎక్కించాను. కబురు రాలేదు.
ఆ కెరటం నాదని ఎవరూ రాయించుకున్నట్టు లేదు.

పిన్ని చూసింది.
మూడో ముడి దగ్గర ఆపమంది.
పెళ్ళికొడుకు భుజం పక్కన
వేలెడు నీలం మరక.
"అదేటి?"
"చొక్కా చెయ్యి పిన్నీ. సరిగా చెరగలేదు.
ఇంకో నాలుగు చుక్కలు పెడితే పోతుంది."

చాలాసేపు చూసింది.
బయట ఆఖరి గాజువాక బస్సు పోయిన చప్పుడు.
"రేపు నీకు ఏ షిఫ్టు కదా,"
లేచి కుర్చీ గోడకి జరిపింది,
"కట్టీసి పడుకో."