అర్హత గడి

మిర్యాలగూడ రైస్‌మిల్లుల ముప్పయ్యేండ్లు
బాయిలర్ కాడ నిలబడ్డ సత్తార్ మియా
ఇప్పుడు ఇంటెనక రేకుల కింద
బిందెంత బాయిలర్ చేసిండు.
దోసెడు బొగ్గుకు పంకా తిరుగుతదట.

"మేడం, ఒక్కపారి చూసి సంతకం పెట్టుండ్రి."

డిగ్రీ నాది, పరీక్ష పాసైన కాయితం నాది.
చట్టం మాత్రం ఇంత చిన్నదాన్ని ఎరగదు.

సల్లనీళ్లు నింపి పంపు కొట్టినం.
ముల్లు ఒకటిన్నరింతల కాడ ఆగింది.
నేను గడియారం చూస్తున్న.
ఆయన చెవి ఆనించిండు.

"మూడో రివెట్టు ఏడుస్తంది."

నాకేం వినరాలే.
వేలు పెడితే తడి.

అర్హత అన్న గడిల నా డిగ్రీ పడుతది,
ఆయన చెవి పట్టదు.
పెన్ను మూత పెట్టిన.
"వచ్చే ఆదివారం మళ్లొస్త."

సత్తార్ మియా అప్పటికే
సుత్తె దేవులాడుతుండు.