రెండో ప్రూఫు

బుడమేరు దిగిపోయిన మూడో వారం
సింగ్‌నగర్ గోడౌన్‌లో ఉబ్బిపోయిన కాగితం రీముల మీద
ముద్దపప్పు ఒలికినట్టు పచ్చగా ఏదో పాకింది.
నిన్న కిటికీ కింద ఉంది,
ఇవాళ తలుపు వైపు జానెడు జరిగింది.
ఓనరు బ్లీచింగ్ తెప్పించాడు.

మా తమ్ముడి కూతురు ఝాన్సీ
నాగార్జున యూనివర్సిటీ నుంచి వచ్చి
గాజు మూతలో గోరంత తీసుకుపోయింది.
"జిగురు బూజంటారు పెదనాన్నా,
నిజానికి బూజూ కాదు, మొక్కా కాదు."

నిన్న రెండు కాగితాలు పట్టుకొచ్చింది.
ఒకటి దాని ఒంట్లోని మాంసకృత్తుది, ఆక్టిన్ అట,
రెండోది అదే, మనిషిది.
"నలభై ఏళ్లుగా ఇదే పని గదా, కాస్త దిద్దిపెట్టు" అంది,
వేళాకోళానికే.

నేను కళ్లజోడు తుడుచుకుని స్కేలు పెట్టాను.
సుభాని కాపీ పట్టుకుని చదివాడు:
డి, ఎన్, జి, ఎస్, జి, ఎమ్...
అర్థంకాని రాతలు మాకు కొత్తేం కాదు,
ఆడిట్ రిపోర్టులూ చూశాం.

మొదటి వరసలోనే మూడో నాలుగో దొరికాయి.
ఆ తర్వాత ఎర్ర పెన్ను గాల్లోనే ఉండిపోయింది.
మూడొందల డెబ్భై అయిదు అక్షరాలకు
పదిహేడు.
మళ్లీ మొదట్నుంచి చూశాం. పదిహేడే.

ఏలూరు రోడ్డు వంటల పుస్తకం ఒకటి
నాలుగో ముద్రణకల్లా
చెంచాడు ఆవాలు చెంచాడు ఆవులైనాయి.
వదిలేసింది నేనే.
ఇక్కడ వంద కోట్ల ఏళ్లు, ఎన్ని ముద్రణలో,
ఎవడయ్యా ప్రూఫు చూసింది?

"ఎవరూ చూడరు" అంది ఝాన్సీ.
"తప్పు పడ్డ ప్రతి మిగలదు, అంతే.
ఆ పదిహేడూ
బతకనిచ్చిన తప్పులు."

సుభాని కాగితం మడిచాడు.
వాడి మనవడికి ఆరేళ్లు,
ఇంకా గోడ పట్టుకునే నిలబడతాడు.
కండ పట్టదన్నారు గుంటూరు డాక్టర్లు.
ఏ అక్షరమని వాడు అడగలేదు.
ఝాన్సీకి అప్పుడు గుర్తొచ్చింది.
టీ చల్లారిపోయింది.

రాత్రి టార్చి వేసి చూశాను.
పచ్చటి నరంలో ఏదో ముందుకు పారి,
ఆగి,
వెనక్కి పారుతోంది.
వరస వెంట నా వేలిని నడిపేదీ
దాన్ని నడిపేదీ ఒకటేనట.
కంపోజింగ్ మారింది, మాట మారలేదు.

ఆదివారం సుభాని మనవణ్ని ఎత్తుకొచ్చాడు.
పిల్లాడు రీములకు ఆనుకుని
చాలాసేపు దాన్నే చూశాడు.
"ఎటు పోతోంది?"
తలుపు వైపు, అన్నాను.
బ్లీచింగ్ సంచి ఇంకా విప్పలేదు.