రివర్స్ లేని చలికాలం

మొదట పోయింది రివర్స్.
చెప్పాపెట్టకుండా పోయిందనను, చెప్పింది.
అక్టోబరంతా, రోజూ పొద్దున్నే
గేరు రివర్స్‌లోకి లాగగానే
ఒక్క క్షణం ఆగేది,
ఎదుటి మనిషి పేరు గుర్తురానట్టు.
ఆ తర్వాత ఢక్కున కుదుపు.
కాఫీ తొణికి నా నర్సు బూట్ల మీద పడేది.

పందొమ్మిదేళ్ల సెడాన్.
ఇద్దరు పిల్లల వాంతులూ, ఒక కుక్క బొచ్చూ,
నా కాపురంలో బాగున్న సగమూ చూసింది.
రెండు నుంచి మూడుకి మారేటప్పుడు
ఇంజను ఊరికే అరుస్తుంది, చక్రాలు వినవు,
అచ్చం నేనూ మా చిన్నది హెల్మీ లాగే.

మెకానిక్ డెల్మర్ నూనె పుల్ల బయటికి లాగి
తెల్లగుడ్డ మీద తుడిచి చూపించాడు.
చెర్రీ రసంలా ఉండాల్సింది
మాడిన డికాక్షన్‌లా ఉంది.
"మార్చేస్తే సరిపోదా?"
"ఈ వయసులో వద్దు. లోపల ప్లేట్లు ఎప్పుడో అరిగాయి.
ఆ అరిగిన పొడే నూనెలో తేలుతూ
వాటికి ఇంకా పట్టునిస్తోంది.
శుభ్రం చేశారో, ముందుకి కూడా పోదు."
కొత్త గేర్‌బాక్సుకి మూడువేల ఎనిమిది వందల డాలర్లు.
బండి మొత్తం అమ్మితే పదకొండు వందలు.
ఆ కాగితం మడిచి డాష్‌బోర్డు అరలో పెట్టాను,
అప్పటికే అక్కడున్న లెక్కల మీద.

డులూత్ ఊరంతా వాలే.
వీధులన్నీ సరస్సులోకి జారిపోవడానికి
వంతు కోసం నిలబడ్డట్టుంటాయి.
ఆ వాలే నాకు రివర్స్ అయింది.
ముక్కు పైకి పెట్టి ఆపడం నేర్చుకున్నాను,
బ్రేకు వదిలితే చాలు, భూమే వెనక్కి లాగుతుంది.
ఆసుపత్రిలో అటు నుంచి ఇటు దాటిపోయే జాగా,
కిరాణా కొట్టు దగ్గర చివరి వరస,
చర్చిలో శవాల బండి ఆగే చోటు, పాస్టర్ చూడనప్పుడు.
ఇంట్లోంచి బయల్దేరే ముందే
తిరిగి ఎలా రావాలో తేల్చుకోవాలి.
నలభై ఏడేళ్లలో ఇంత ముందుచూపు
నాకెన్నడూ లేదు.

జనవరిలో మా తమ్ముడు ఆర్వో పేరున
కౌంటీ నుంచి ఒక ఉత్తరం
పొరపాటున మా డబ్బాలో పడింది.
మాటల్లేక ఆరేళ్లు.
నాన్న పడవ అమ్మేశాడు, నన్నడగలేదు.
అడిగితే సరేననేదాన్నే. కోపం దానికే.
ఇంజను ఆపకుండా, తల తిప్పకుండా
వాడి పోస్టు డబ్బాలో పడేసి వచ్చేద్దామనుకున్నా.
ఆ డబ్బా మంచులో కూరుకుపోయి ఉంది.
ఏమీ ఆలోచించకుండా సందులోకి తిప్పాను.
అటూ ఇటూ నడుమెత్తు మంచుగోడలు,
ఎదురుగా గ్యారేజీ తలుపు,
కింద నేల బల్లపరుపు.
ఇంత ఊళ్లో
వాలు లేని ఒకే ఒక్క జాగా
వాడే కొనుక్కున్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు.
నాకసలు వెనకే లేదు.

ఉత్తరం తలుపు సందులో దోపి
వచ్చి కూర్చుని గేరు లాగాను.
గొణిగింది. మళ్లీ లాగాను. బతిమాలాను.
వంటింటి కర్టెన్ కదిలింది.

కోటు కూడా వేసుకోకుండా వచ్చాడు,
పైజామా మీద బూట్లు, లేసులు కట్టకుండా.
జుట్టు నాన్నకి పోయినట్టే నడినెత్తిన పోయింది,
నాకెవరూ చెప్పలేదు.
అద్దం దించాను.
ఏమనాలో ఆరేళ్లుగా అల్లుకుంటూనే ఉన్నాను,
నోటికొచ్చింది మాత్రం
"రివర్స్ పోయింది."
"ఎప్పట్నుంచి?"
"అక్టోబరు."
"నూనె మార్చకు."
"తెలుసు."

బానెట్ మీద రెండు చేతులూ ఆన్చి
మడమలు మంచులో దిగేశాడు.
"న్యూట్రల్‌లో పెట్టు."
పెట్టాను.
అద్దానికవతల వాడి మొహం, ఎర్రగా, ఊపిరి పొగలో,
నా వంకే, ఇంకెటూ చూసే వీల్లేక.
బండి కదిలింది వెనక్కి
వేలెడు, జానెడు, మూరెడు.

రోడ్డెక్కాక ఇద్దరం చెయ్యి ఊపలేదు.
ఉప్పు పేరుకున్న బానెట్ మీద
పదివేళ్ల ముద్రలు
ఇంటిదాకా నా ముందే వచ్చాయి.
శనివారం హెల్మీ బకెట్టు పట్టుకుని కడగబోతే
వద్దన్నాను,
నీళ్లు గడ్డకడతాయని.