జీరో చూసుకోండి

యానాం వంతెన దిగగానే ఎడమచేతి బంకులో
పైపు పట్టుకుని నిలబడేది నేనే, ఓలేటి నూకరత్నం.
రోజుకి ఆరొందల సార్లు ఒకటే మాట:
"జీరో చూసుకోండి."

ఎదుర్లంక నుంచి వస్తారు, మురమళ్ళ నుంచి వస్తారు
లీటరుకి నాలుగు డబ్బులు మిగుల్తాయని.
మిగిలిందాంట్లో సగం రానూ పోనూ బండే తాగేస్తుంది.
అయినా వస్తారు.
ఏటికి ఈ ఒడ్డునొక సర్కారు, ఆ ఒడ్డునొక సర్కారు.
నీళ్ళు మాత్రం ఎవరి రేటుకీ ఆగకుండా
మొగలోకి పోతానే ఉంటాయి.

మా అయ్య పోతురాజు
చుక్కాని కన్నా ముందు ముక్కుతో దారి చూసేవాడు.
తాడుకి అంటిన బురద వాసన చూసి
"ఇక్కడ మెత్తన, రొయ్య పడుకుంటది" అనేవాడు.
వాళ్ళొచ్చి
అదే బురదకి ఎంతో అడుగున ఇంకేదో పడుకుందన్నారు.
ఇనపకాళ్ళ మేడొకటి లేపారు.
చుట్టూ అయిదొందల మీటర్లు గీత గీశామన్నారు.
నీళ్ళ మీద గీత ఎక్కడ కనపడుద్ది బాబూ అంటే
"నీ పడవొస్తే కనపడుద్ది" అన్నాడంట గస్తీవాడు.

రాత్రిళ్ళు గొట్టం కొసన మంట.
అమాసనాడు కూడా మా వాకిట్లో
ఎండు చేపల తడికకి నీడ పడుతుంది.
చందువలు దాన్ని వెన్నెలనుకుని తప్పుకుంటున్నాయంటాడు అయ్య.
అది నిజమో
ఖాళీ వల లాక్కొచ్చినవాడి సర్దుబాటో
నాకు తెలీదు, నేను అడగలేదు.

నష్టపరిహారం జాబితా పంచాయతీ గోడకి అంటించారు.
ఓలేటి పోలరాజు అని ఉంది.
పోలరాజు మా తాత. పోయి పదకొండేళ్ళు.
బతికినన్నాళ్ళూ తెరచాప పడవే,
డీజిల్ చుక్క ముట్టనోడు.
ఆయనకొచ్చింది డబ్బు!
ఆఫీసులో గుమాస్తా జాలిగానే చెప్పాడు:
"ఆయన్ని తీసుకురండి, లేదా ఆయన కాదని రుజువు తెండి."
అయ్య రెండు రోజులు వేట మానేసి
తాను తన తండ్రి కాడని
అర్జీ రాయించాడు.

ఓట్లప్పుడు బోర్డు మీద అంకెలు
ఫొటో దిగే పెళ్ళికొడుకులా బిగుసుకుని నిలబడ్డాయి,
యాభై రోజులు కదల్లేదు.
ఒక జెండాకి పసుపు చీటీ, ఒక జెండాకి గులాబీ చీటీ,
చీటీకి లీటరు పొయ్యమన్నారు, పోశాను.
"మన సముద్రం, మన చమురు, మన ధర" అని
మైకు నా చెవి పక్కనే అరిచింది.
ఆ జీపుక్కూడా జీరో చూసుకోమన్నాను. ఎవరూ చూళ్ళేదు.

లెక్కింపైన నాలుగో నాడు, తెల్లారకముందే
అంకె దానంతటదే మారింది.
మారుస్తున్న చెయ్యి ఏ ఊళ్ళో ఉందో
మేనేజరుకీ తెలీదు, నాతోపాటే తలెత్తి చదువుకున్నాడు.
ఎక్కడో యుద్ధమంట.
మొదటి బండివాడు నన్నే అడిగాడు,
"ఏటమ్మా, మళ్ళీ పెంచేశావా?"
ఆయ్, నేనేనండీ, రాత్రి నిద్రపట్టక పెంచాను.

నిన్న పొద్దుగూకాక అయ్య వచ్చాడు,
రెండు నీలం క్యాన్లతో.
సబ్సిడీ కార్డు అవతలొడ్డు బంకులో చెల్లుతుంది,
అక్కడ పది రోజులుగా స్టాకు లేదు.
కూతురి బంకని ముందుకు రాలేదు, వరసలోనే నిలబడ్డాడు,
స్కూలు పిల్లాడిలా.
"జీరో చూసుకో అయ్యా."
మీటరు చూళ్ళేదు.
క్యాను మూతికి ముక్కు దగ్గరగా పెట్టి
చాలాసేపు వాసన చూశాడు.
"మన నీళ్ళదేనంటావా?"

పదిమంది వెనకాల ఉన్నారు.
ఇచ్చిన నోట్లు తడిగా ఉన్నాయి, ముప్పై రూపాయలు తక్కువ.
నా జేబులోంచి వేసి
ఆ నోట్లు సంచిలో పెట్టకుండా
రేట్ల బోర్డు కింద, గాలి తగిలేచోట
రాయి పెట్టి ఆరబెట్టాను.