నలభై మూడో ఇల్లు

ఓర్ఫేగా మోటార్ సైకిల్ వెనక నేను,
ఒళ్ళో నూట ఇరవై ప్రశ్నాపత్రాలు,
పళ్ళ మధ్య హర్మటాన్ దుమ్ము.
కాట్సినా-ఆలా నది దాటాక దారంటూ లేదు.
పెండలం నాటిన మట్టిగుట్టల మధ్య
చేనుకీ చేనుకీ అక్కర్లేక మిగిలిన మన్ను,
అంతే.

యూనివర్సిటీ సమ్మెలో ఎనిమిది నెలలు పోయాయి.
నా ప్రతిపాదన మాత్రం చెక్కు చెదరలేదు:
తల్లికి ఎంత చదువో బిడ్డకి అంత టీకా.
ఒక్క వాక్యం.
దాని వెనక మూడేళ్ళు,
మా అమ్మ అమ్మేసిన కుట్టుమిషను.

త్సే-అకూర్‌లో బడీ ఆస్పత్రీ ఒకటే గది.
పొద్దున సూదులు, మధ్యాహ్నం ఎక్కాలు.
నల్లబల్ల మీద జ్వరం మందు మోతాదు,
దాని పక్కనే ఏడెనిమిదులు యాభై ఆరు.
ఎవరు దేన్ని చెరపాలో తేలక
రెండూ ఉండిపోయాయి.
నర్సు సెసూగ్‌కి జీతం రాక ఇది అయిదో నెల.
"రాసుకో" అన్నాడు ఐస్ పెట్టె మూత మీద కూర్చుని,
"ఏ గడిలో పడుతుందో చూసి మరీ రాసుకో."
నవ్వుతాడేమో అని ఆగాను. నవ్వలేదు.

నలభై రెండు ఇళ్ళు నేను కోరినట్టే పలికాయి.
చదివిన తల్లి, నిండిన కార్డు.
చదవని తల్లి, "కార్డా? వానకి తడిసిపోయింది."
రాత్రి దోమతెరలో టార్చి వెలుగులో
అంకెలు కూడుకుంటుంటే
కడుపు నిండినట్టుండేది.

నలభై మూడో ఇంట్లో ఇయెంబెర్.
కర్రపెండలం తొక్క తీస్తోంది,
కత్తి ఆపకుండానే జవాబులు.
చదువు?
"లేదు."
ఎన్నో తరగతి వరకు?
"లేదన్నాగా."
ఆస్పత్రి ఎంత దూరం?
"వీపున బిడ్డని కట్టిన గుడ్డ
పదకొండుసార్లు బిగించుకునేంత."
కిలోమీటర్ల గడి నోరు తెరుచుకుని ఉండిపోయింది.

టీకా కార్డులున్నాయా?
లోపలికెళ్ళి పాల డబ్బా తెచ్చింది.
మూత తీయగానే ఎండుమిరప ఘాటు.
పురుగు పట్టకుండా అట.
అయిదు కార్డులు. అయిదూ నిండినవే.
ఒక్క తేదీ తప్పలేదు.

నా మొహంలో ఏం చదివిందో,
చదువు రాదన్న మనిషి,
"సంత అయిదు రోజులకోసారి" అంది.
"పురుడైన నాటి నించి సంతకో అలసంద గింజ
గోడ కన్నంలో వేస్తాను.
ఎనిమిది గింజలకి మొదటి సూది.
పధ్నాలుక్కి రెండోది.
ఇరవైకి మూడోది.
ఇందులో ఏముంది?"

పెద్దపిల్ల కాషిమానా నా భుజం మీదుగా వంగి
ప్రశ్నాపత్రం చదువుతోంది, పైకే.
"ఇతరములు అంటే ఎవరక్కా?"

నేను మొదటి పేజీ తిప్పాను.
పుట్టినవాళ్ళు ఆరుగురు అని ఉంది, నా చేతిరాతే.
అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఎనిమిదో గింజకి వెళ్ళాను. పెట్టెలో ఐస్ లేదు.
తొమ్మిదికి వెళ్ళాను. సమ్మె అన్నారు.
పదికి..."

కత్తి ఆగింది.

మకుర్దీలో కంప్యూటర్ గీత గీసింది,
ఎడమ నించి కుడికి చక్కగా పైకెక్కే గీత.
ఆ ఇల్లొక్కటే దానికి అంత దూరాన
ఒంటి చుక్క.
ప్రొఫెసర్ అకాహాన్ పక్కన ఎర్ర సిరాతో రాశారు:
తీసేయొచ్చేమో చూడండి.
మంచి మనిషి. నా ఫీజు రెండుసార్లు ఆయనే కట్టారు.
తీసేస్తే గీత ఇంకా నిటారుగా నిలబడుతుంది,
అది నాకూ తెలుసు.

ఇతరములు అన్న గడిలో
నేను అలసందల సంగతంతా రాశాను.
చోటు చాలక అంచులోకి,
అంచు చాలక కాగితం వెనక్కి.
అది ఏ పట్టికలోకీ ఎక్కదు.

కర్సర్ ఆ చుక్క మీద కొట్టుకుంటోంది.
హాస్టల్ జనరేటర్ దగ్గి ఆగిపోయింది.
తెర నల్లబడింది.
చీకట్లో బల్ల మీద వేలు
దానంతటదే లెక్కపెట్టింది.
ఎనిమిది.
తొమ్మిది.
పది.