అచ్చు పడ్డాక

లెర్విక్ రేవులో, చేపల వేలంశాల మీది గదిలో
నెలకో మంగళవారం తొమ్మిదిమందిమి కూడతాం.
ఈసారి పదో కుర్చీ వేశాం.
అబెర్డీన్ నుంచి రాత్రి ఓడలో
పన్నెండు గంటలు వాంతులు చేసుకుంటూ వచ్చింది
మూడు నవలలు అచ్చయిన ఎల్స్‌పెత్ డల్గార్నో.

"ప్రచురణ గురించి చెప్పమన్నారు,
ముందు లెక్కలు చెప్తాను" అంది.
సంచిలోంచి పుస్తకాలు తీస్తుందనుకున్నాం.
నాలుగు మడతల కాగితం తీసింది.
ఆరునెలల్లో అమ్ముడైనవి నలభై ఒకటి,
దుకాణాలు తిప్పి పంపినవి నలభై ఆరు.
"అంటే ఈ ఆరునెలల్లో
మైనస్ అయిదుగురికి నచ్చాను."

నవ్వాం. నవ్వొచ్చో లేదో తెలీక కాస్త ఆలస్యంగా.

నేను రేవులో టికెట్లు కోస్తాను.
ఆమె చెప్పినవన్నీ పాత టికెట్ల వెనక రాసుకున్నాను:
ఏజెంటుకి ఉత్తరం ఒక్క పేజీ దాటకూడదు.
సొంతంగా వేసుకుంటే చేతిచమురు వదులుతుంది,
ముందు మంచం కింద చోటు కొలుచుకోండి.
అట్ట మీద గొర్రెని వేస్తామంటే ఒప్పుకోకండి.
నా నవలల్లో గొర్రెల్లేవు,
మూడు అట్టల మీదా ఉన్నాయి.

విల్మా ఇంక్‌స్టర్ అడిగింది,
హత్య ఎన్నో పేజీలో జరిగితే మంచిదని.
ఇంకెవరో కామాల గురించి.

అప్పుడు లౌరీ ఐస్‌బిస్టర్ చెయ్యెత్తాడు,
బళ్లో పిల్లాడిలా, మోచెయ్యి రెండో చేత్తో పట్టుకుని.
డెబ్బై తొమ్మిదేళ్లు. ఆరేళ్లుగా వస్తున్నాడు,
ఒక్క పేజీ చదివి వినిపించలేదు.
రాసిందంతా గొర్రెల దాణా సంచిలో,
ఎప్పుడూ ఒళ్లోనే.

"అచ్చు పడ్డాక మార్చొచ్చా?"

"ఏం మార్చాలి?"

"గాలి."

కెటిల్ ఒక్కటే మాట్లాడింది కాసేపు.

"మా అన్న పడవ తీసిన పొద్దున ఆగ్నేయపు గాలి.
మొదట అలాగే రాశాను.
పోయినేడు దాన్ని పడమటికి తిప్పాను.
ఈ చలికాలం సగానికి సగం తగ్గించాను.
ఇప్పుడు నా కాగితాల్లో వాడు
రేవుకి అరమైలు దూరంలో ఉన్నాడు."

"రెండో ముద్రణలో తప్పొప్పులు…" అని మొదలెట్టి
ఎల్స్‌పెత్ ఆగింది.
లెక్కల కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టింది,
అయిదోది పడలేదు.
"లేదు" అంది. "మార్చలేం."

లౌరీ తలూపాడు, సంతలో ధర కుదరనివాడిలా.
సంచి మూతి తాడు బిగించాడు.
"అయితే నాది ఇంకా కాలేదు."

కప్పులు కడిగాం. బిస్కెట్లు మిగిలాయి.

మర్నాడు సాయంత్రం నా కిటికీ ముందుకొచ్చింది ఆమె,
తిరుగు టికెట్ చూపించి, గొంతు తగ్గించి,
"ఇవాళ గాలెలా ఉంది?" అంది.

నా వెనక బోర్డు మీద సుద్దతో రాసుంది,
ఆగ్నేయం, చాలా బలంగా.
రాసింది నేనే.

"పడమటి గాలి," అన్నాను, "కొంచెమే."

అని,
వాంతుల సంచులు రెండు
టికెట్ కింద పెట్టి ఇచ్చాను.