కాలికి బలపం

వెర్రిబీలో మా కెమెరాల వాళ్ళం
ప్రతి నెలాఖరు మంగళవారం కలుస్తాం,
లైబ్రరీ వెనక గదిలో, కుర్చీలు మేమే వేసుకుని.
తలా మూడు ఫొటోలు. నాలుగోది తీస్తే లెయిటన్ ఊరుకోడు.
ముప్పై ఏళ్ళు పళ్ళు పీకిన మనిషి,
నోట్లోకి టార్చి వేసినట్టే తెరలోకి చూస్తాడు.
"కన్ను," అంటాడు.
"కన్ను స్పష్టంగా లేకపోతే పిట్ట లేనట్టే."

మేం తిరిగేది మురుగునీటి చెరువుల దగ్గర.
నవ్వకండి.
మెల్‌బోర్న్‌లో సగం ఊరు వదిలించుకున్న నీళ్ళు
తేరుకుంటూ తేరుకుంటూ సముద్రం దాకా నడిచే చోటు.
గేటు తాళంచెవికి దరఖాస్తు పెట్టుకోవాలి.
మొదటిసారి ముక్కు మూసుకున్నాను,
రెండోసారి మూసుకోవడం మర్చిపోయాను.
ఎదురుగా రెండు వందల హంసలు, అన్నీ నల్లవి.
పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందని బళ్ళో చదువుకున్న హంస
ఇక్కడ దేన్నుంచి దేన్ని వేరుచేస్తుందో అడక్కండి.

గ్లెనిస్‌కి డెబ్బై నాలుగు. చెయ్యి వణుకుతుంది.
కారు కిటికీ అంచున బియ్యం నింపిన మేజోడు పెట్టి
దాని మీద కెమెరా ఆనిస్తుంది.
బియ్యం నేనిచ్చినవే, సోనా మసూరి.
అయినా అన్నీ కదిలిపోతాయి.
కొంగ పొగైపోతుంది.
గద్ద, తడిచేత్తో తుడిచేసిన పలక.

మార్చి మంగళవారం.
బేకరీ తెరవబోతూ పట్టుకున్న నక్కని థ్వీ చూపించింది,
మీసం మీద మంచుతో సహా.
తరవాత గ్లెనిస్.
తెర మీద గోధుమరంగు మసక.
ఉల్లంకి పిట్ట, అంది. ఎర్రమెడది.
సైబీరియాకి బయల్దేరే ముందే మెడకి ఆ ఎరుపు ఎక్కుతుందట.
తల తెలియదు, కన్ను లేదు, రెక్క ఉందో లేదో.
లెయిటన్ గొంతు సవరించుకున్నాడు.
"ఫోకస్ కాళ్ళ మీద పడింది," అన్నాడు, మెత్తగానే.

నా పని ట్రుగనీనా గోదాములో, రాత్రి షిఫ్టు.
పెట్టె మీద నంబరు చదవడం,
తరవాతి పెట్టె మీద నంబరు చదవడం.
తలకిందులుగా ఉన్నా, చిరిగినా, తడిసినా చదువుతాను.
నాకొచ్చిన విద్య అదొక్కటే.
"కాస్త పెద్దది చెయ్యండి," అన్నాను.
"పైన కాదు. కింద."

బురదలో సన్నటి నల్లటి కాలు.
కాలికి నారింజరంగు పట్టీ, బియ్యపుగింజంత.
దాని మీద మూడక్షరాలు,
కొత్తనోటు మీద అంకెలంత తేటగా.

కాలికి బలపం కట్టుకు తిరుగుతున్నావేమే అని
మా నాయనమ్మ నన్ను తిట్టేది.
నేను వెళ్ళిందెంత, పక్కవీధి దాకా.
ఇదిగో నాయనమ్మా, నిజంగా కట్టుకున్నది,
మూడు తులాలు తూగదు.

అలాంటివి లెక్క రాసుకునే వాళ్ళకి అక్షరాలు పంపాం.
పదకొండు రోజులకి జవాబు.
పట్టీ వేసింది తొమ్మిదేళ్ళ కిందట, ఇదే ఒడ్డున,
అప్పటికే పెద్దపిట్ట.
మధ్యలో ఒక్కసారి కొరియా బురదలో ఎవరికో కనపడింది.
ఆ తరవాత ఆరేళ్ళు ఎవరూ చూడలేదు.
చూడలేదు, అంతే.
అది మాత్రం వెళ్తూ వస్తూనే ఉంది.

గ్లెనిస్ ఆ కాగితం రెండుసార్లు చదివింది.
"తొమ్మిదేళ్ళ కిందట నా చెయ్యి బాగానే ఉండేది," అంది.
ఇంకేమీ అనలేదు. బిస్కెట్ల డబ్బాకి మూత పెట్టింది.
లెయిటన్ మార్కులు మార్చలేదు. పదికి నాలుగే.
"కన్ను లేదు కదా," అన్నాడు.
అని, చాలాసేపు ఆ కాలినే చూస్తూ కూర్చున్నాడు.

మే మొదట్లో వెళ్తే ఒడ్డు ఖాళీ.
గాలి, ఆ పాత వాసన,
బురద మీద కుట్టుమిషను పోయినట్టు అడుగులు.
గ్లెనిస్ మేజోడు సర్దుకుని
ఆ అడుగుల్ని ఫొటో తీసింది.
వెనక్కి తిరిగి నాకు చూపించింది.
అవి కూడా కదిలిపోతున్నాయి.